నూనె నల్లబడితే తప్పా?

ఢిల్లీలో ఏ రోడ్డుపక్క మెకానిక్ దగ్గర బండి ఆపినా తంతు ఒకటే. బానెట్ ఎత్తుతాడు, డిప్‌స్టిక్ లాగుతాడు, భుజం మీది గుడ్డతో ఒకసారి తుడిచి మళ్ళీ ముంచి తీస్తాడు. చివర వేలాడే చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తాడు. ఆ వేళ్ళు మన మొహం ముందు పెట్టి తీర్పు చెబుతాడు: “కాలా హో గయా, సాబ్. ఇస్‌మే జాన్ నహీ హై.” నల్లబడిపోయింది, ఇందులో ఇక సత్తువ లేదని. మనం తలూపుతాం. నలుపు కళ్ళకు కనబడుతూనే ఉంది, కాదనడానికేముంది?

ఆ వేళ్ళను తీసిపారేయడానికి లేదు. నూనెలో ఇసుక ఉంటే గరగరమని తగులుతుంది, పెట్రోలు కలిస్తే వాసన పట్టేస్తాడు, నీళ్ళు చేరితే పెరుగు చిలికినట్టు తెల్లబడటం చూడగానే చెప్పేస్తాడు. కానీ నలుపు సంగతి వేరు. డీజిల్ ఇంజన్‌లో పోసిన కొత్త నూనె వందా రెండొందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. నల్లబడాలి కూడా. డీజిల్ మండినప్పుడు పుట్టే మసిని ముద్ద కట్టనీయకుండా, గోడలకు అంటుకోనీయకుండా తనలో తేల్చి ఉంచుకోవడం దానికి అప్పగించిన పని. బట్టలు ఉతికిన బకెట్లో నీళ్ళు మురికయ్యాయని సబ్బును తిట్టుకోం కదా. ఎంత తిప్పినా నల్లబడని డీజిల్ నూనెను చూస్తేనే అనుమానపడాలి, ఆ మసి మరి ఎక్కడ పేరుకుంటోందని. ఇంకోపక్క సీఎన్‌జీ ఆటో ఉంది. గ్యాసు మంటలో మసి దాదాపు ఉండదు. దాని నూనె నెలల తరబడి తేనెరంగులో నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం పని అయిపోయి ఉండొచ్చు.

అంటే రంగు రెండు వైపులా అబద్ధం చెబుతుంది. నిజం చెప్పించే చోటు ఈ ఊరి పొలిమేరల్లోనే ఉంది. మథుర రోడ్డు పట్టుకుని బదర్‌పూర్ దాటితే ఫరీదాబాద్. అక్కడ సెక్టార్ 13లో 1972లో వెలిసిన ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం మొదట చేతికెత్తుకున్న పని ఇదే, కందెన నూనెలు తయారుచేయడం, వాటిని పరీక్షకు పెట్టడం.

కందెన అన్న మాట ఇప్పుడు పట్నాల్లో వినబడదు గానీ, లూబ్రికెంట్‌కు ఇంతకన్నా మంచి మాట ఇంకో భాషలో ఉందంటే నేను నమ్మను. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి రాసేవారు. అది కందెన. ఆముదానిది గొప్ప సుగుణం, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఒత్తిడికి జారిపోదు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు ఆముదం మీదే తిరిగాయి. 1909లో ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ తన కొత్త నూనెకు కాస్ట్రాల్ అని పేరు పెట్టింది కూడా అందులో కలిపిన ఆముదం, అంటే కాస్టర్, పేరు మీదనే. మహబూబ్‌నగర్, నల్గొండ చెల్కల్లో పండిన పంటకు లండన్‌లో దొరికిన గౌరవం అది. అయితే వేడికి ఆముదం గాలితో కలిసి బంకలా గట్టిపడుతుంది. బండి ఇరుసుకు అది పట్టింపు కాదు, ఇంజన్‌కు ప్రాణాంతకం. అందుకే ఆముదం వెనక్కు తగ్గి, ముడిచమురు నుంచి తీసిన నూనె ముందుకొచ్చింది.

ఫరీదాబాద్ కేంద్రం పుట్టడానికి ముందు మన దేశంలో నూనె వ్యాపారం చాలాకాలం బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్స్‌ల చేతిలో ఉండేది. కాల్టెక్స్ మనకు తెలియని పేరు కాదు, విశాఖపట్నంలో 1957లో మొదలైన రిఫైనరీ వాళ్ళదే. తర్వాత అది హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. ఇంజన్ నూనెలో ముప్పాతిక వంతుకు పైగా మూలనూనె ఉంటుంది, మిగిలింది కలిపే మందులు, ఇంగ్లీషులో అడిటివ్‌లంటారు. ఏ మందు, ఎన్ని పాళ్ళు అన్న గుట్టు విదేశీ కంపెనీల గుప్పిట్లో ఉండేది. గుట్టు మనకు కావాలంటే కలపడం ఒక్కటీ వస్తే చాలదు, కలిపింది బాగుందో లేదో తేల్చే పరీక్షలు కూడా మన చేతిలో ఉండాలి. ఫరీదాబాద్‌లో కేంద్రం పెట్టిన ఆ 1972లోనే సర్వో పేరుతో స్వదేశీ నూనె బజారుకొచ్చింది.

పరీక్షల్లో పెద్దది, పాతది స్నిగ్ధత కొలవడం. స్నిగ్ధత అంటే నూనె ఎంత చిక్కగా కదులుతుందన్న లెక్క. దానికి వాడే పరికరం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ‘యూ’ ఆకారంలో వంగిన సన్నటి గాజు గొట్టం, దాని మీద రెండు గీతలు. నూనె పోసిన ఆ గొట్టాన్ని వేడి ద్రవం నిండిన తొట్టిలో నిలువుగా వేలాడదీస్తారు. నూనెను పై గీత దాటేదాకా పీల్చి వదిలేస్తారు. నూనె తన బరువుకు తాను దిగుతూ పై గీత నుంచి కింది గీతకు రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడటమే పరీక్ష. ఆ సెకన్లను గొట్టానికి ముందే కట్టి ఉంచిన ఒక అంకెతో హెచ్చవేస్తే స్నిగ్ధత వస్తుంది. గొట్టం అంకె 0.05 అనుకోండి, 290 సెకన్లు పడితే 14.5 సెంటీస్టోక్‌లు. గది వేడిలో ఉన్న మామూలు నీళ్ళు ఇంచుమించు ఒక సెంటీస్టోక్.

పరికరం ఎంత సాదాగా ఉంటుందో పట్టుదల అంత గట్టిది. నూనె దిగడానికి కనీసం 200 సెకన్లు పట్టేలా గొట్టం ఎంచుకోవాలి, తొందరగా జారిపోతే లెక్క కుదరదు. తొట్టి వేడి 100 డిగ్రీలంటే 100 డిగ్రీలే, డిగ్రీలో యాభయ్యో వంతు అటూ ఇటూ కన్నా చెదరకూడదు. ఎందుకింత అంటే, ఆ వేడి దగ్గర ఒక్క డిగ్రీ తేడాకు స్నిగ్ధత రెండు మూడు శాతం మారిపోతుంది. వేళ్ళతో రాసి చూసే మెకానిక్ ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. జనవరి పొద్దున అతని వేళ్ళ మధ్య ముద్దలా ఉన్న నూనే జూన్ మధ్యాహ్నం నీళ్ళలా జారుతుంది. నూనె మారలేదు, ఢిల్లీ మారింది.

డబ్బా మీద ఉండే 15డబ్ల్యూ-40 అన్న రాత వెనకున్న కథ ఇదే. చివరి 40 వేడి లెక్క: 100 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 12.5కు తగ్గకూడదు, 16.3కు చేరకూడదు. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. 15డబ్ల్యూ నూనెను సున్నాకు 20 డిగ్రీలు దిగువన చల్లబరిచి, చిన్న మోటారుతో తిప్పి, స్టార్టర్ లాగగలిగేంత పలచగా ఉందా అని చూస్తారు. అదే నూనెను ఇంకో 5 డిగ్రీలు దించి పంపు పీల్చగలదా అనీ చూస్తారు. ఢిల్లీలో ఎంత చలి వేసినా పాదరసం సున్నా దరిదాపుల్లోనే ఆగుతుంది, ఇక్కడ ఈ పరీక్ష ఎందుకని అడగొచ్చు. ఢిల్లీలో సరుకెత్తిన లారీ ఢిల్లీలోనే ఉండిపోదు, లేహ్ దాకా వెళ్ళాలి. అంతకన్నా పెద్ద సంగతి, ఏ ఊళ్ళోనైనా స్టార్టు చేసిన మొదటి కొన్ని క్షణాలు ఇంజన్ దాదాపు పొడిగా తిరుగుతుంది. రాత్రంతా కిందకు దిగిపోయిన నూనె పైన ఉన్న, వాల్వుల్ని తెరిచే కామ్ దాకా ఎంత త్వరగా ఎక్కితే అంత మేలు.

చలికి ముద్ద కాకూడదు, వేడికి నీళ్ళు కాకూడదు. ఒకే నూనె ఈ రెండూ ఎలా చేస్తుంది? దానికి ఉపాయం పాలిమర్. సేమ్యా పోగుల్లాంటి పొడవాటి అణువులు చల్లగా ఉన్నప్పుడు ఉండచుట్టుకుని ఒక మూల పడుంటాయి, వేడెక్కితే విచ్చుకుని నూనె కదలికకు అడ్డం పడతాయి. బాగానే ఉంది గానీ, సేమ్యా తెగుతుంది. పిస్టన్ రింగుకూ సిలిండరు గోడకూ మధ్య, పళ్ళచక్రాల మధ్య నలిగి నలిగి ఆ పోగులు తుంపులవుతాయి. డబ్బాలో 40గా ఉన్న నూనె కొన్ని వేల కిలోమీటర్లకే 30 గ్రేడుకు దిగిపోవచ్చు. దీన్ని ముందే పట్టుకోవడానికి ప్రయోగశాలలో ఒక చమత్కారం చేస్తారు. డీజిల్ చిమ్మే బాష్ ఇంజెక్టర్ తీసుకుని అందులోంచి డీజిల్‌కు బదులు ఈ నూనెనే వేగంగా చిమ్మిస్తారు, ఒకసారి కాదు, 30 సార్లు. బరువు మోసే లారీల నూనెలకు 90 సార్లు. ఆ తర్వాత మళ్ళీ గాజు గొట్టంలో పోసి చూస్తారు. సేమ్యా ఎంత తెగిందో సెకన్లలో తేలిపోతుంది.

గాజు గొట్టానికీ అందని సంగతి ఇంకొకటుంది. తిరిగే ఇంజన్‌లో బేరింగుకూ షాఫ్టుకూ మధ్య నూనెపొర చాలాచోట్ల కొన్ని మైక్రాన్లే, తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ఇంకా తక్కువ. ఒక మైక్రాను సందులో ఒక ఉపరితలం ఇంకోదాని మీద సెకనుకు ఒక మీటరు వేగంతో జారిందనుకోండి, మధ్యలో నూనె పడే కోత వేగం సెకనుకు పది లక్షలు. ఆ కోతకు పాలిమర్ పోగులు తెగకపోయినా ప్రవాహం దిక్కుకు వంగి పడుకుంటాయి, నూనె తాత్కాలికంగా పలచబడుతుంది. అందుకని 150 డిగ్రీల వేడిలో, సరిగ్గా ఆ పది లక్షల కోత కింద ఇంకో స్నిగ్ధత కొలుస్తారు. 15డబ్ల్యూ-40కి అది 3.7 సెంటీపాయిజ్‌కు తగ్గకూడదు. నా మటుకు నాకు డబ్బా మీద పెద్దక్షరాలతో వేయాల్సిన అంకె ఇదేననిపిస్తుంది. ఏ కంపెనీ వేయదు, వేసినా కొనేవాళ్ళు అడగరు.

మిగతావి గబగబా చెప్పుకుందాం. 65 గ్రాముల నూనెను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, పైన గాలి లాగుతూ, ఎంత బరువు ఆవిరైపోయిందో తూచేది నోవాక్ పరీక్ష. ఇప్పటి పెట్రోలు కార్ల నూనెల్లో 15 శాతానికి మించి పోకూడదు. ‘మా బండి నూనె తాగుతోంది’ అని వాపోయేవాళ్ళలో కొందరి నూనె నిజానికి ఆవిరైపోతుంటుంది. గాలి బుడగలు ఊది నురగ ఎంతసేపు నిలుస్తుందో చూసే పరీక్ష ఒకటుంది. జాడీని మూడేసి డిగ్రీలు చల్లబరుస్తూ, వంచి, అయిదు సెకన్లు చూసి, నూనె కదలడం ఎప్పుడు మానిందో రాసుకునేది ఒకటి. రంగు పరీక్ష కూడా ఉంది! కాకపోతే అది నాణ్యత కోసం కాదు, నిన్నటి కలపడమూ ఇవాళ్టి కలపడమూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవడానికి. వీటిలో చాలావాటిని మన ప్రమాణాల సంస్థ ఐఎస్ 1448 అన్న వరుసలో చేర్చింది. ఇంజన్ నూనె ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం ఐఎస్ 13656. ఆ సంస్థ ఉండేదీ ఢిల్లీలోనే, బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని మానక్ భవన్‌లో.

క్షారం లెక్క దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇంధనంలో గంధకం ఉంటే మండినప్పుడు ఆమ్లమవుతుంది. దాన్ని చంపడానికి నూనెలో క్షారం నింపుతారు, ఎంత నింపారో చెప్పే అంకె టీబీఎన్. 1990ల మొదట్లో మన డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళలో 10,000 పాళ్ళ దాకా ఉండేది. బీఎస్-4 కాలుష్య నిబంధనల నాటికి అది 50కి, బీఎస్-6తో 10కి దిగింది. బీఎస్-6 ఇంధనం దేశం కన్నా రెండేళ్ళు ముందు, 2018 ఏప్రిల్ 1న ఢిల్లీకొచ్చింది, పొగమంచు పుణ్యమా అని. ఆమ్లం తగ్గితే క్షారం ఎక్కువ ఉన్నా నష్టం లేదు కదా అనుకుంటాం. నష్టముంది. క్షారమిచ్చే కాల్షియం, మెగ్నీషియం కాలాక బూడిదవుతాయి. బీఎస్-6 డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అందులో చేరిన మసిని కాల్చేయొచ్చు, బూడిదను కాల్చడానికి ఇంకేముంది? అది అక్కడే కూర్చుని జల్లెడను మూసేస్తుంది. అందుకని ఇప్పటి లారీ నూనెల్లో బూడిద ఒక శాతం దాటకూడదన్నారు. పాత బండికి బలమైన నూనె కొత్త బండికి విషం.

ఇక బజారులో కనబడే ఆట. ఒకతను బల్ల మీద చిన్న మోటారు పెడతాడు. దానికో ఉక్కు చక్రం, కింద నూనె గిన్నె, పైనుంచి బేరింగును చక్రానికి అదిమే పొడవాటి మీట. పేరున్న కంపెనీ నూనె పోసి మీట నొక్కుతాడు, చక్రం కీచుమని ఆగిపోతుంది. తన సీసాలోంచి నాలుగు చుక్కలు వేస్తాడు. ఇప్పుడు మీట మీద ఎంత బరువు వేసినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. చుట్టూ నిలబడ్డవాళ్ళు జేబులు తడుముకుంటారు. యూట్యూబులో ఇలాంటివి కొల్లలు.

ఇందులో కనికట్టు లేదు, చక్రం నిజంగానే తిరిగింది. తప్పల్లా ప్రశ్నలో ఉంది. ప్రయోగశాలల్లో దీనికి పెద్దన్నలాంటి యంత్రం ఉంది, నాలుగు బంతుల యంత్రం. 1933లో లోకానికి పరిచయమైంది. అర అంగుళం ఉక్కు బంతులు మూడింటిని కదలకుండా గిన్నెలో బిగించి, నూనెలో ముంచి, వాటి మీద నాలుగో బంతిని తిప్పుతారు. మన ఇళ్ళల్లో నిమ్మకాయలు పేర్చినట్టు కింద మూడు, పైన ఒకటి. అరుగుదల పరీక్షలో 40 కిలోల బరువుతో, 75 డిగ్రీల దగ్గర, నిమిషానికి 1200 తిప్పలు, గంటసేపు. చివర కింది బంతుల మీద పడ్డ గుండ్రటి మచ్చల్ని మైక్రోస్కోపు కింద కొలుస్తారు. మచ్చ మిల్లీమీటరులో సగమూ ఉండదు కొన్నిసార్లు. ఇంకో రకంలో బంతులు ఒకదానికొకటి వెల్డింగు అయిపోయేదాకా బరువు పెంచుతూ పోతారు.

గేరు నూనెలకూ గ్రీజులకూ ఇది బాగా పనికొచ్చే పరీక్ష. ఇంజన్ నూనె భవిష్యత్తు మాత్రం ఇది చెప్పలేదు. క్లోరిన్ ఉన్న పదార్థం కలిపితే ఒత్తిడికి ఉక్కు మీద క్షణంలో ఒక పొర కట్టి బంతుల్ని అతుక్కోనీయదు, బల్ల మీద ఆటలో గెలిచేస్తుంది. అదే క్లోరిన్ ఇంజన్‌లో తడి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లమై బేరింగుల్ని తింటుంది. ఇంజన్ నూనెల్లో దశాబ్దాలుగా వాడే మందు వేరు, జింకు, గంధకం, భాస్వరం కలిసినది. రాపిడి ఎక్కువున్న చోట మాత్రమే అది గాజులాంటి పొర కడుతుంది, మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. నిదానస్తుడు. బల్ల మీద రెండు నిమిషాల్లో వీరత్వం చూపించమంటే చూపించలేడు.

అందుకే చివరికి నూనె ఇంజన్‌లోకి వెళ్ళక తప్పదు. ప్రయోగశాలలో ఇంజన్‌కు చక్రాలుండవు, రోడ్డుండదు. ఇనుప దిమ్మకు బిగించిన ఇంజన్ షాఫ్టుకు డైనమోమీటరు తగిలిస్తారు, కొండ ఎక్కుతున్నట్టో ఎర్ర దీపం దగ్గర ఆగినట్టో భారం వేసేది అదే. ప్రపంచమంతా ఒప్పుకున్న పరీక్షల్లో సీక్వెన్స్ వీహెచ్ అని ఒకటుంది. దాన్ని నేను ఢిల్లీ టాక్సీ పరీక్ష అంటాను, అమెరికాలో దాన్ని రాసుకున్నవాళ్ళు కూడా టాక్సీలూ ఊళ్ళో తిరిగే సరుకు బండ్లనే మనసులో పెట్టుకున్నారు. 4.6 లీటర్ల ఫోర్డు వీ-8 ఇంజన్‌ను మూడు దశలుగా కాస్త వేడిగా, కాస్త చల్లగా, కాస్త ఖాళీగా తిప్పుతారు. ఆ మూడూ కలిపి నాలుగు గంటల చక్రం, అలాంటివి 54, మొత్తం 216 గంటలు. తొమ్మిది పగళ్ళూ తొమ్మిది రాత్రులూ. రింగ్ రోడ్డు మీద ఆశ్రమ్ కూడలి దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడ్డ టాక్సీకి జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, నీటి ఆవిరీ కాలని పెట్రోలూ నూనెలోకి దిగుతాయి, అన్నీ కలిసి మడ్డి కడుతుంది. హైవే మీద వెయ్యి కిలోమీటర్లు నడిచిన నూనె కన్నా ఊళ్ళో వెయ్యి కిలోమీటర్లు నడిచిన నూనె ఎక్కువ అలిసిపోతుందని చెబితే నమ్మరు గానీ, ఈ పరీక్ష పుట్టిందే ఆ మాట మీద.

దీనికి సరిగ్గా ఎదురుబొదురు సీక్వెన్స్ త్రీ-హెచ్. 3.6 లీటర్ల వీ-6 ఇంజన్, నూనె వేడి 151 డిగ్రీలు, 90 గంటలు. మే నెలలో నిండు బండితో ఎడారి దారిలో ఆగకుండా పోతున్నట్టు. నూనె గాలితో కలిసి గట్టిపడుతుంది. చివరకు 40 డిగ్రీల దగ్గర స్నిగ్ధత మొదలు ఉన్నదానికి రెట్టింపు దాటకూడదు. సీక్వెన్స్ ఎయిట్ అన్నదాంట్లో ఒంటి సిలిండరు ఇంజన్‌ను 40 గంటలు తిప్పి బేరింగును ముందూ వెనకా తూస్తారు. 26 మిల్లీగ్రాములకు మించి తగ్గితే నూనె తప్పినట్టే. ఇంచుమించు ఒక బియ్యపు గింజ బరువు.

పరీక్ష ముగిశాక జరిగేది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. ఇంజన్ విప్పుతారు. పిస్టన్లు, కవర్లు, నూనె తొట్టి వరుసగా బల్ల మీద పరుస్తారు. ఇన్ని మీటర్లు, సెన్సర్లు ఉన్నచోట చివరి మార్కులు వేసేది మనిషి కన్ను. రేటర్ అంటారు అతన్ని. వెలుతురు ఇంత ఉండాలని నియమించిన చోట కూర్చుని, పిస్టన్ గాడుల్లో, పక్కల మీద పట్టిన లక్కరంగు పొరను రంగుల కొలబద్దతో పోల్చి, ఎంత భాగాన ఎంత ముదురో అంచనా కట్టి పదికి మార్కులు వేస్తాడు. మెరిసే లోహానికి పది. మడ్డికీ అలాగే. అతని కన్ను పక్కదారి పట్టకుండా రేటర్లందర్నీ అప్పుడప్పుడు ఒకచోట కూర్చోబెట్టి ఒకే పిస్టన్‌కు మార్కులు వేయించి సరిచూస్తారు. మన మెకానిక్ కూడా చేసేది చూపుతో తీర్పు చెప్పడమే. ఇతను చూసేది నూనెను కాదు, నూనె వదిలిపెట్టిన ఇంజన్‌ను.

మరి ఇంజనే తప్పు చెబితే? అన్ని ఇంజన్లూ ఒక్కలా ఉండవు. దీనికి చేసిన ఏర్పాటు మన పబ్లిక్ పరీక్షల్ని గుర్తుచేస్తుంది. అసలు నూనెను పరీక్షించే ముందు, గుర్తింపు కావాలనుకునే ప్రయోగశాలకు అంకె మాత్రమే రాసి ఉన్న డబ్బా ఒకటి వస్తుంది. అందులో మంచి నూనె ఉందో నాసి నూనె ఉందో వాళ్ళకు తెలియదు, పంపిన సంస్థకు తెలుసు. ఆ నూనెకు రావాల్సిన మార్కులే వస్తే ఆ ఇంజన్ మీద పరీక్ష చెల్లుతుంది. నాసి నూనెకు నూటికి నూరు వచ్చినా ఆ ఇంజన్ ఫెయిలే.

ఇంత చేసినా, ఒక బండికి నెగ్గిన నూనె ఇంకో బండికి నెగ్గుతుందన్న హామీ లేదు. మన దేశంలో రోడ్డెక్కే బండ్లలో ముప్పావు వంతు దాకా రెండు చక్రాలవే. మోటారు సైకిల్లో ఒకే నూనె ఇంజన్‌నూ గేర్లనూ తడుపుతుంది, అందులోనే క్లచ్ కూడా మునిగి ఉంటుంది. కారు నూనెకు జారుడు పెంచే మందు కలిపితే మైలేజీ వస్తుంది. అదే బైకులో పోస్తే క్లచ్ పలకలు జారిపోతాయి, యాక్సిలరేటరు తిప్పితే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. జపాన్ వాళ్ళు పెట్టిన జాసో ప్రమాణంలో క్లచ్ పలకల్ని నూనెలో తిప్పి ఘర్షణ కొలుస్తారు. చాలినంత ఘర్షణ ఉన్నదానికి ఎంఏ, ఇంకా ఎక్కువున్నదానికి ఎంఏ-2, జారిపోయేదానికి ఎంబీ. కందెనకు జారుడు తక్కువైనందుకు మార్కులు వేసే పరీక్ష ఇదొక్కటే నాకు తెలిసి. గేరులేని స్కూటర్‌లో క్లచ్ నూనెలో మునగదు, దానికి ఎంబీ చక్కగా సరిపోతుంది.

సీఎన్‌జీ సంగతి ఢిల్లీవాళ్ళకు వేరే చెప్పాలా? 1998 జులై 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, గడువులు పొడిగిస్తూ పొడిగిస్తూ 2002 చివరకు ఊరి బస్సులన్నీ గ్యాసుకు మారాయి. ఇంజన్ మారింది, నూనె కూడా మారాలి. గ్యాసు మంట వేడి ఎక్కువ. ఆ వేడికి గాలిలోని నత్రజని ఆక్సైడ్లుగా మారి నూనెతో కలుస్తుంది, నూనె చిక్కబడి లక్కలా పట్టుకుంటుంది. దాన్ని నైట్రేషన్ అంటారు. పరారుణ కాంతిని నూనెలోంచి పంపితే ఏ రంగుల్ని మింగిందో చూసి పట్టేస్తారు, కంటికది తేనెరంగే. పైగా గ్యాసు పొడి ఇంధనం. వాల్వు వచ్చి కూర్చునే చోట మెత్తగా ఆనుకోవడానికి నూనె నుంచి వచ్చే కాస్త బూడిదే దిక్కు. బూడిద తక్కువైతే వాల్వు పీఠం అరిగిపోతుంది, ఎక్కువైతే అదే నిప్పుకణికలా కాలి గ్యాసును వేళకు ముందే అంటిస్తుంది.

రైళ్ళ కథ ఇంకా చిత్రం. 1999లో అమెరికా జనరల్ మోటార్స్ నుంచి మన రైల్వేకు వచ్చిన డబ్ల్యూడీజీ-4 లాంటి ఇంజన్ల పిస్టన్ పిన్ను దగ్గర బేరింగులో వెండిపూత ఉంటుంది. మనం ఇందాక మెచ్చుకున్న జింకు మందు వెండిని తినేస్తుంది. కాబట్టి ఆ ఇంజన్ నూనెలో జింకు పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళు కూడా మించకూడదు. లారీకి పోసే మేలైన నూనె పొరపాటున ఆ తొట్టిలో పడితే లక్షల నష్టం. అక్కడ ప్రయోగశాల జింకు ఉందా అని కాదు, లేదు కదా అని వెతుకుతుంది.

వాడిన నూనెను చదవడం నేర్పింది కూడా రైళ్ళే. 1940లలో అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వేవాళ్ళు పాత నూనెను కాల్చి, ఆ మంట వెలుగులో ఏ లోహాలున్నాయో చూసి, ఇంజన్ విప్పకుండానే లోపలి జబ్బు చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన డీజిల్ షెడ్లలో ఇది దినచర్య. ఇనుము పెరిగితే సిలిండరు గోడ, రాగీ సీసమూ కలిసి పెరిగితే బేరింగు, సోడియం కనబడితే రేడియేటరు నీళ్ళు కారుతున్నట్టు. ఒక్క రీడింగుకు అర్థం లేదు. రక్తపరీక్షలాగే పోయిన నెలతో పోల్చుకోవాలి.

ఢిల్లీ నూనెల్లో చూడాల్సిన లోహం కాని లోహం సిలికాన్, అంటే దుమ్ము. మే, జూన్‌లలో రాజస్థాన్ వైపు నుంచి ఆంధీ, అంటే దుమ్ముతుఫాను, లేచినప్పుడు గాలి ఫిల్టరుకు చిన్న చిరుగున్నా, గొట్టం క్లిప్పు వదులైనా ఇసుక లోపలికి పోతుంది. నవంబరులో మనం భయపడే పీఎం 2.5 కణాల కన్నా ఇంజన్‌కు 5 నుంచి 20 మైక్రాన్ల ఇసుక రేణువులే ఎక్కువ ప్రమాదం, అవి సరిగ్గా నూనెపొర సందులో ఇరుక్కుని రెండు వైపులా గీరుతాయి. సిలికాన్, ఇనుము జంటగా ఎగబాకుతుంటే నూనె మార్చి లాభం లేదు, ముందు ఫిల్టరు డబ్బా విప్పి చూడాలి.

ఇంత సరంజామా లేనివాళ్ళకు షెడ్లలో పాతకాపులు చేసే రెండు పనులున్నాయి. వేడి పలక మీద నూనె చుక్క వేయడం ఒకటి. నీళ్ళు కలిసి ఉంటే పోపులో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతుంది, లేకపోతే చప్పుడుండదు. రెండోది అద్దుడు కాగితం. దొరక్కపోతే కాఫీ ఫిల్టరు కాగితమైనా చాలు. వేడిగా ఉన్న ఇంజన్ డిప్‌స్టిక్ మీంచి ఒక్క చుక్క కాగితం మీద వదిలి, కింద ఏమీ తగలకుండా గ్లాసు మూతి మీద పరిచి, మర్నాటిదాకా ముట్టుకోకూడదు. పొద్దున చూస్తే మసి బూడిదరంగులో ఒక్క తీరున అంచుదాకా పాకి ఉంటే, ఎంత నల్లగా ఉన్నా సరే, ఆ నూనె ఇంకా మసిని మోస్తున్నట్టే. మధ్యలో తారు బొట్టులా చిక్కటి నలుపు ఆగిపోయి, చుట్టూ ఖాళీ నూనె వలయం మాత్రం పాకి ఉంటే మోసే ఓపిక అయిపోయినట్టు. మా మెకానిక్‌కు ఈ కాగితం చూపిస్తే అటూ ఇటూ తిప్పి, వేలితో తడిమి, వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత ఇంకో రెండు కాగితాలు అడిగి తీసుకున్నాడు.